మేనేజర్లకు చెవిలో వేసే తప్పుడు సలహాలు

కొత్తగా టీమ్ లీడ్ అయినవాళ్లకు సీనియర్లు కొన్ని సలహాలు ఇస్తారు. వినడానికి తెలివిగా ఉంటాయి. పాటిస్తే మాత్రం కింద పనిచేసేవాళ్లు మన మాట నమ్మడం మానేస్తారు.

"చెడ్డ వార్త ముందే చెప్పకు, నాలుగు మంచి మాటలయ్యాక మెల్లగా దించు" అన్నది వాటిలో ఒకటి. నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేసేది ఇదే. 2014 జులై 17న మైక్రోసాఫ్ట్‌లో డివైసెస్ విభాగం అధిపతి స్టీఫెన్ ఎలాప్ ఉద్యోగులకు పంపిన మెయిల్ చూడండి. నోకియా ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్ చేతికి వచ్చి అప్పటికి మూడు నెలలు. మెయిల్ "హలో దేర్" అని మొదలై ఫోన్లు, వ్యూహం, మార్కెట్ అంటూ పేరాలకు పేరాలు సాగింది. సుమారు 12,500 ఉద్యోగాలు పోతున్న సంగతి ఎంతో కిందికి వెళితే గానీ కనబడదు. చదివేవాళ్లకు కావలసింది ఒక్కటే: నా ఉద్యోగం ఉందా, పోయిందా? దానికి జవాబు వెతుక్కునే పని కూడా వాళ్ల మీదే పెట్టారు.

2020 మే 5న ఎయిర్‌బీఎన్‌బీ సీఈఓ బ్రయాన్ చెస్కీ కూడా ఇలాంటి వార్తే రాయాల్సి వచ్చింది. 7,500 మందిలో దాదాపు 1,900 మందిని తీసేస్తున్నారు. ఉద్యోగాలు తగ్గిస్తున్నామన్న సంగతి ఉత్తరం మొదట్లోనే ఉంది. ఎందుకు తీసేస్తున్నారు, ఎవరిని ఏ లెక్కన ఎంచారు, కనీసం 14 వారాల జీతం, అమెరికాలో ఉన్నవాళ్లకు ఏడాది ఆరోగ్య బీమా, ఆఖరికి లాప్‌టాప్ ఉంచేసుకోవచ్చన్నది కూడా రాశారు. దాంతో ఉద్యోగం పోయిన బాధ తగ్గదు. కానీ ఆ రాత్రి ఇంట్లో ఈఎంఐల లెక్క చూసుకునేవాళ్ల చేతిలో ఒక అంకె ఉంటుంది.

"మనమంతా ఒకే కుటుంబం" అని మీటింగుల్లో చెప్పమంటారు. ఇంట్లో నోటీస్ పీరియడ్ ఉండదు కదా! ఆ మాట నమ్మి శని, ఆదివారాలు కూడా పనిచేసినవాళ్లే, బెంచ్ మీదికి పంపిన రోజున అందరికన్నా ఎక్కువ నలిగిపోతారు. టీమ్ అంటే చాలు.

తప్పు ఒప్పుకోవద్దని, "కొన్ని లోపాలు జరిగాయి" అని రాసి వదిలేయమని ఇంకొకరు చెబుతారు. వినకండి. "ఆ డెడ్‌లైన్‌కు ఒప్పుకున్నది నేనే" అనే లీడ్ దగ్గరికే కుర్రాళ్లు తాము చేసిన బగ్‌ను దాచకుండా తెస్తారు.

ఇక మన ఆఫీసుల్లో రోజూ వినబడే సలహా: "లేదనకు, చూద్దాం అను." హైక్ అడిగిన మనిషికి మార్చిలో "చూద్దాం" అంటే, జూన్ దాకా బయట ఇంటర్వ్యూలకు వెళ్లకుండా ఆగుతాడు. పిల్లల స్కూలు ఫీజుకు ఆ డబ్బే నమ్ముకుంటాడు. రాదని మీకు మార్చిలోనే తెలిస్తే, ఆ మూడు నెలలూ మీరు కాజేసినట్టే. "ఈసారి బడ్జెట్ లేదండీ. అక్టోబర్‌లో పైవాళ్లను మళ్లీ అడుగుతాను. ఏమన్నారో ఆ వారమే మీకు చెబుతాను" అనండి. అక్టోబర్‌లోనూ కుదరదన్నారా? అయినా సరే, ఆ వారమే పిలిచి చెప్పండి.