జెనీవాలో ఇంకా ఎన్టీఆరే ముఖ్యమంత్రి

మొన్న ఆదివారం మా వీధి చివర శెట్టిగారి కొట్లో పాతిక కిలోల సోనా మసూరి బస్తా వేయించుకుని, ఆయన చేతిలో వంద నోటు పెట్టాను. నోటును అటూ ఇటూ తిప్పి చూసి, "మిగతాదో?" అన్నాడు.

"మిగతాదేమిటండీ? 1988 లెక్క ప్రకారం సరిపోయింది."

"రాత్రి నిద్ర పట్టలేదా మాస్టారూ?"

నిద్ర బ్రహ్మాండంగా పట్టింది. జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థ వారి వ్యవసాయ ఒప్పందం చదువుతూ పడుకున్నాను మరి. 1995 నుంచి అమల్లో ఉన్న ఆ కాగితం ప్రకారం, మన సర్కారు రైతుకు ఎంత సబ్సిడీ ఇస్తోందో తేల్చాలంటే ఇవాళ్టి మద్దతు ధరలోంచి 1986-88 నాటి అంతర్జాతీయ సగటు ధరను తీసెయ్యాలి. మిగిలిందంతా సబ్సిడీయే. ఈ ముప్పై ఎనిమిదేళ్లలో డీజిలు పెరిగింది, కూలి పెరిగింది, పురుగుమందు పెరిగింది. ఆ పెరిగిందంతా రైతుకు మనం వేసిన ధర్మం కింద జమ! క్వింటాలు వడ్లకు 2025-26లో 2,369 రూపాయలని వింటే జెనీవా గుమాస్తా గుండె పట్టుకుంటాడు. పాపం, ఆయన గోడ మీద క్యాలెండర్ 1988 దగ్గరే ఆగింది. అక్కడ హైదరాబాదులో ఎన్టీఆరే ముఖ్యమంత్రి, కిలో బియ్యం రెండు రూపాయలు, ఆదివారం పొద్దున టీవీలో రామాయణం.

ద్రవ్యోల్బణం మరీ ఎక్కువైతే దాన్ని తగు రీతిలో పరిగణించాలని ఒప్పందంలో ఓ ముక్క ఉందండోయ్. పరిగణిస్తూనే ఉన్నారు.

ఈ లెక్కన మనలాంటి దేశాలు ఒక పంట విలువలో 10 శాతానికి మించి సబ్సిడీ ఇవ్వకూడదు. 2018-19లో వరి మీద మనది 11.46 శాతానికి పోయింది. ఆ ఒకటిన్నర శాతం నేరానికి బోనెక్కకుండా కాపాడింది 2013లో బాలి మంత్రుల సమావేశంలో రాయించుకున్న 'శాంతి నిబంధన' అనే గొడుగు. గొడుగు ఊరికే రాలేదు. గోదాముల్లోని ధాన్యం లెక్కలన్నీ అక్కడికి పంపుతుండాలి. మన పిల్లకు మనం అన్నం పెట్టుకుని, ఎన్ని ముద్దలు తిన్నదో పక్క వీధి పెద్దాయనకు చీటీ రాసి పంపడమన్నమాట.

పెద్దాయనకు మాత్రం హద్దు లేదా? ఉంది, 5 శాతమే. మనకంటే తక్కువే! కాకపోతే ఆ పైన వాడుకోవడానికి అమెరికాకు ఏటా 1,910 కోట్ల డాలర్ల కోటా విడిగా ఉంది. ఒప్పందానికి ముందు ఎవరు దండిగా సబ్సిడీలు పంచారో ఆ కోటాలు వాళ్లవే. అప్పట్లో ఇవ్వలేని బీదవాడికి తర్వాత ఇచ్చే హక్కూ లేకుండా పోయింది. అదీ చాలకపోతే 'ఆకుపచ్చ పెట్టె' ఉంది. అందులో ఎంత వేసినా ఎవరూ తూకం వెయ్యరు.

పత్తి సంగతి వింటే ఇంకా ముచ్చటేస్తుంది. అమెరికా పత్తి సబ్సిడీలు అక్రమమని బ్రెజిల్ 2002లో కేసు వేసి గెలిచింది. అమెరికా ఏం చేసింది? సబ్సిడీ ఆపేబదులు 2010 నుంచి ఏటా 14.73 కోట్ల డాలర్లు బ్రెజిల్ పత్తి నిధికి కట్టేందుకు ఒప్పుకుంది. 2014లో మరో 30 కోట్లిచ్చి కేసు మూసేయించింది. అంటే, మా గేదె నీ చేలో పడి మేసిన మాట నిజమే, గేదెను మాత్రం కట్టెయ్యం, నీకింత గడ్డి పంపిస్తాం అని. అదే గేదె మేసిన బెనిన్, బుర్కినా ఫాసో, చాడ్, మాలి చేలకు గడ్డీ రాలేదు. 2003 నుంచి అర్జీలు పెట్టుకుంటూనే ఉన్నాయి.

ఆ గేదె మన కంచె దాకా రానే వచ్చింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం బాదితే, మనం పత్తి దిగుమతిపై ఉన్న 11 శాతం సుంకం ఎత్తేశాం. మిల్లులు బతకాలని సెప్టెంబరు 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31కి పొడిగించారు. సరిగ్గా మన పత్తి మార్కెట్‌కు వచ్చే నెలలు! ఆ నవంబరులో వరంగల్ దగ్గర ఓ కొనుగోలు కేంద్రంలో చూశాను. రైతు బోరెంలోంచి గుప్పెడు పత్తి తీసి తేమ మీటర్లో కుక్కారు. 14 చూపించింది. 12 దాటితే కొనరు. తుపాను వెళ్లి ఎన్నాళ్లో కాలేదు, ఎండ మొహం చూసి ఎరగం. ఆయన పత్తిని మళ్లీ బోరెంలో కూరుకుంటూ, "సారూ, ఓడల వచ్చేదానికి గూడ గీ మీటర్ పెడ్తరా?" అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు.

కరెంటు కథా అంతే. ఎండ మనది, మనంత ఎండ ఎవరికుంది? సోలార్ మిషన్‌లో కొన్ని పలకలు ఇక్కడ చేసినవే వాడాలని షరతు పెడితే, అమెరికా ఫిర్యాదుపై 2016లో మనం ఓడాం. మీ ఎనిమిది రాష్ట్రాల్లోనూ ఇదే పని జరుగుతోంది కదా అని మనం వేసిన కేసు 2019లో గెలిచాం. అమెరికా అప్పీలుకు పోయింది. డిసెంబరుకల్లా అప్పీలు వినే బెంచీలో జడ్జీలు చాలకుండా పోయారు. కొత్తవాళ్లను వెయ్యనివ్వనిది అమెరికాయే. మనమూ తక్కువ తినలేదు లెండి, చక్కెర సబ్సిడీల కేసులో ఓడాక ఆ ఖాళీ కుర్చీలకే దండం పెట్టి వచ్చాం. 2022లో అమెరికా తన గడ్డ మీద చేసిన పలకలు వాడితే అదనపు పన్ను రాయితీ అంటూ చట్టం చేసుకుంది. 2023లో రెండు సోలార్ కేసులూ రాజీతో ముగిశాయి.

ఆ శాంతి గొడుగు బదులు ఆహార నిల్వలకు శాశ్వత పరిష్కారం 2017లో జరిగే పదకొండో మంత్రుల సమావేశం నాటికి చూపిస్తామని బాలిలో రాసుకున్నారు. 2017లో బ్యూనస్ ఎయిర్స్‌లో కలిశారు, 2022లో జెనీవాలో, 2024లో అబుదాబిలో కలిశారు. విందులు బాగానే జరిగి ఉంటాయి. పరిష్కారం మాత్రం రాలేదు. వాళ్ల క్యాలెండర్లో 2017 ఇంకా రానట్టుంది.

శెట్టిగారి మిగతా బాకీ అక్కడికక్కడే కట్టేశాను. ఆయన కొట్లో క్యాలెండర్ ఏటా మారుస్తాడు.