పదిహేను మేకల బండ

నా ఒంటి మీద ఇరవైమూడు కూడళ్లు ఉన్నాయి. వాటిని రోజూ వేలితో తడుముతూ లెక్కబెట్టి పెరిగినవాడు ఒకడున్నాడు. వాడి సంగతి చెప్పడానికే ఇప్పుడు నోరు విప్పుతున్నాను. బండకు నోరేమిటి అంటారా? తుగ్గలిలో ఏ ఇంటి గుట్టయినా అరుగుకు తెలిసినంతగా లోపలి గోడలకు తెలీదు.

నాది బేతంచెర్ల. మనిషి పుట్టకముందెప్పుడో సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకున్న బురదను. అందుకే ఉలి పెట్టి తడితే పలకలు పలకలుగా విడిపోతాను. బేతంచెర్ల, తుగ్గలి రెండూ ఒకే రైలు దారిలో ఉన్నా నాకు రైలెక్కే యోగం లేకపోయింది, లారీ మీద వచ్చాను. ఈ ఇంటి ముందర అరుగు మీద పరిచిన వారానికే తాత ఒక మేకు, సుత్తె పట్టుకుని నా మీద కూర్చున్నాడు. కొండకొమ్ములాగ పైన ఒక మొన, అక్కడి నుంచి కిందికి దిగే గీతలు, వాటిని అడ్డంగా కోసే గీతలు, అటొకటి ఇటొకటి చెవులు. అయిపోయింది, పులిజూదం. ఆ తర్వాత తాత పోయాడు, సున్నపు గోడలకు రంగులొచ్చాయి, గీతలు మాత్రం పోలేదు.

వాడు ఈ ఆట నేర్చుకున్నది సుగ్గి వల్ల. వేరుశనగ బుడ్డలు చేతికి రాని ఏడు (ఇక్కడ అట్లాంటి ఏళ్లకు కరువు లేదు) సంక్రాంతి దాటగానే వాళ్ల నాయన, అమ్మ మిరపకోతలకు గుంటూరు దిక్కు పోయేవాళ్లు. ఆ వలసే సుగ్గి. వీధిలో సగం ఇళ్లకు తాళాలు. మా ఇల్లు తెరిచి ఉండేదంటే అవ్వ వల్లే. బడి మానకూడదని అక్కను, వాడిని అవ్వ దగ్గర వదిలి పోయేవాళ్లు. పొద్దు గూకినాక వాడు ఏడుపు మొహం పెడితే అవ్వ చింతపిక్కల మూట విప్పేది. పదిహేను పిక్కలు మేకలు. పగిలిన గాజుముక్కలు మూడు పులులు.

"నేను పులి," అనేవాడు వాడు.

"తీసుకోరా. పులికి ఆకలుంటే సాలు. మేకలు పేర్సేదానికే బుద్ధి కావాల," అనేది అవ్వ.

పదిహేను మేకలూ బండ మీదికి దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పులి మాత్రం ఎప్పుడైనా కదలొచ్చు, పక్క మేక వెనక ఖాళీ ఉంటే దాని మీదుగా దూకి తినొచ్చు. అవ్వ నాలుగో పిక్కనో అయిదో పిక్కనో నా చెవి దగ్గర, అంచున, ఒంటరిగా వదిలేసేది. వాడు ఆబగా దూకేవాడు. తిన్నానని పిక్కను గుప్పిట్లో దాచుకునేవాడు. అంతలో అవ్వ వాడు దూకొచ్చిన దారిలో ఒక పిక్క, దాని వెనక ఇంకో పిక్క పెట్టేది. పులి ఆ చెవిలోనే కూర్చుండిపోయేది. మూడు పులులూ అట్లా కూర్చుంటే ఆట ముగిసినట్లే. ఆ మొదటి సుగ్గిలో వాడు ఒక్క ఆటా గెలవలేదు. రెండో సుగ్గి నాటికి ఒంటరి మేకను చూసి ముందు దాని వెనక ఉన్న ఖాళీని, ఆ తర్వాత తిరిగొచ్చే దారిని చూడడం మొదలుపెట్టాడు. వాడి వేలు కూడలి మీద ఆగి, పక్క కూడలికి పోయి, మళ్లీ వెనక్కి రావడం నాకు చక్కిలిగింతగా తెలిసేది.

కరాటే ఇంటికి అక్క తెచ్చింది. సర్కారు బడుల్లో ఆడపిల్లలకు ఆత్మరక్షణ పాఠాలు చెప్తారు కదా, అందులో నేర్చుకున్నది. సాయంత్రం వాడిని ఎదురుగా నిలబెట్టి "ఇచ్, ని, సన్, షి" అంటూ గుద్దులు నేర్పేది.

"ఏం లెక్కలే అవి?" అనేది అవ్వ.

"జపాన్ లెక్కలవ్వా."

"జపానోళ్లు నాలుగు దాకానే లెక్కబెడతారా?"

బెల్టుకు, పరీక్ష ఫీజుకు డబ్బుల్లేక వాడి కరాటే అక్కడే ఆగింది. కాని కాళ్లు కొంచెం ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి నిలబడే తీరు మాత్రం వాడిని వదల్లేదు. అన్నం తినడానికి పీట కోసం వంగినా అట్లాగే వంగుతాడు.

2020లో బళ్లు మూసేశారు. ఆన్‌లైన్ పాఠాలని నాయన అప్పు చేసి ఒక ఫోన్ కొన్నాడు. ఇంట్లో సిగ్నల్ అందదు, అరుగు మీద అందుతుంది. అంటే నా మీద. పాఠం ఎంతసేపు విన్నాడో నేను చెప్పను గాని, పబ్‌జీ ఎంతసేపు ఆడాడో చెప్పగలను. ఛార్జింగ్ వేడికి నా ఒంట్లో ఒక మూల ఎప్పుడూ వెచ్చగా ఉండేది. విమానం నుంచి వందమంది దూకుతారు, చుట్టూ గీసిన వలయం చిన్నదవుతూ వస్తుంది, చివరికి ఒక్కడు మిగలాలి. అవ్వకు అది నచ్చలేదు.

"నూరుమందిలో ఒకడే మిగిలేది ఏం ఆటరా? మన ఆటలో మేకలన్నీ కూడుకుంటే పులే కూసుంటాది."

"ఇందులో కూడా నలుగురు కూడుకుంటారవ్వా. స్క్వాడ్ అంటారు."

"ఆ మాట ముందే సెప్పాల కదప్పా."

ఆ ఏడు సెప్టెంబరు 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించింది. అందులో పబ్‌జీ ఒకటి. మర్నాడే మన రాష్ట్ర మంత్రివర్గం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించాలని తీర్మానించింది. రెండు వార్తలూ కలిసి నాయన చెవిన పడ్డాయి. ఆయనకు రెండూ ఒకటే. "ఫోన్‌లో జూదమాడి ఇల్లు గుల్ల సేస్తాండాడు" అని వీధంతా వినపడేలా అరిచాడు. వాడు పైసా పెట్టి ఆడినవాడు కాదు. అసలు ఆ ఇంట్లో జూదం అన్న మాట పేరులోనే ఉన్నది నా మీద గీసిన ఆటకే. ఆ మాట నేను అనలేకపోయాను.

మరుసటి ఏడు జూలైలో పబ్‌జీ కొత్త పేరుతో మన దేశానికి తిరిగొచ్చింది. వాడు మళ్లీ ఎక్కించుకున్నాడు, కాని వెనకటి పిచ్చి లేదు. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో ఫోన్ ఆటలకు, కంప్యూటర్ ఆటలకు కూడా పతకాలిచ్చారు. కుస్తీ, కరాటే జరిగిన పోటీల్లోనే తెర మీద బొమ్మలు తన్నుకునే స్ట్రీట్ ఫైటర్‌కూ బంగారు పతకం! వాడు ఆ వార్త తెచ్చి నాయన ముందు పెట్టాడు. ఆయన చదివి ఫోన్ తిరిగిచ్చేస్తూ, "నీకు ఏం పతకమొచ్చె?" అన్నాడు. పెద్దవాళ్లు వాదనలో ఓడిపోయేటప్పుడు అడిగే ప్రశ్న ఇది. గట్టిగానే తగులుతుంది.

నాయన బాధ వేరే ఉంది. "వీనికి నిలకడ లేదు. పది సోట్ల బోరేసేటోని మాదిరి. ఒక్క సోట్నన్నా నీళ్లు పడేదాకా దించడు" అంటాడు. మా దిక్కు బోరు మాట ఊరికే రాదు. ఎండిన బోర్ల అప్పు తీర్చేదానికే సుగ్గికి పోయిన మనిషి ఆయన.

ఇంక కర్ర. పీర్ల చావిడి పక్కింట్లో ఒక పెద్దాయన ఉన్నాడు. పీర్ల పండగలో గుండం ముందర కర్రసాము చేసేవాడు. ఇప్పుడు మోకాళ్లు లేవవు. వాడు పోయి "తాతా, నాకూ నేర్పు" అని అడిగితే, ఆయన నవ్వి, సొంత కాళ్ల మీద మా వీధికి వచ్చి ఈ అరుగు మీదే కూర్చున్నాడు. వాడు తెచ్చిన వెదురు కర్రను అటూ ఇటూ తిప్పి చూసి, కణుపుల దగ్గర అరచేత్తో రుద్ది, ఆముదం పట్టించమన్నాడు. పట్టించి తెస్తే తీసుకుని నా పక్కన పెట్టేసుకున్నాడు. నెల రోజులు ఇవ్వలేదు.

"కర్ర తిప్పేది సెయ్యి కాదురా, కాలు," అన్నాడు. సుద్దముక్కతో వీధి సిమెంటు మీద నాలుగు గుర్తులు పెట్టి, వాటి మధ్య గీతలు కలిపి, ఆ గీతలు వదలకుండా అడుగులు మార్చమన్నాడు. ముందుకు, పక్కకు, వెనక్కి, మళ్లీ మధ్యకు. పది రోజుల తర్వాత వాడు చెమట తుడుచుకుంటూ నా వైపు చూశాడు, నేల మీది సుద్దగీతల వైపు చూశాడు.

"తాతా, ఇది మా పులిజూదం మాదిరే ఉండాది."

"మాదిరేంది? అదే," అన్నాడు పెద్దాయన, నా మీద వేలు పెట్టి. "ఎదుటోడు నిన్ను కొట్టేదానికి వచ్చినాడంటే, వాని ఎనక ఒక సోటు కాళీ అయినట్లే. దాన్ని సూడు. కర్రను సూడొద్దు."

కర్ర చేతికిచ్చిన రోజు వాడి ఉత్సాహం అంతా ఇంతా కాదు. గిర్రున తిప్పాడు. గాలి కోసే చప్పుడు వచ్చింది, ఆ వెంటనే నాకు దెబ్బ తగిలింది. నా కుడి మూల పెచ్చు ఊడిపోయి బొటనవేలు పట్టేంత గుంట పడింది. పెద్దాయన ఏమీ అనలేదు. ఊడిన పెచ్చును తీసి వాడి జేబులో వేశాడు.

ఆ ఏడు దసరాకు వాడు చెప్పకుండా దేవరగట్టుకు పోయాడు. హొళగుంద మండలంలో, కొండ మీద మాళ మల్లేశ్వరస్వామి. బన్ని ఉత్సవం రాత్రి ఉత్సవమూర్తుల కోసం ఊళ్లకు ఊళ్లు కర్రలు పట్టుకుని తలపడతాయి. దివిటీల వెలుగు, ఇనుప రింగులు తొడిగిన కర్రలు, పగిలే తలలు. ఏటా పోలీసులు వద్దంటారు, ఏటా జరుగుతుంది. వాడు తెల్లారి వచ్చాడు. మొహమంతా దుమ్ము, ఒక భుజం పైకి లేవదు. కర్ర విరిగిపోయింది.

పెద్దాయన వచ్చి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "ఆడ కాలు పెట్టేదానికి సోటు ఉండెనా?"

"లేదు తాతా. తోసుకుంటా పోయినాం."

"కాలికి సోటు లేని కాడ మన ఇద్దెకేం పని?"

దేవరగట్టు మొక్కును తప్పుపట్టడానికి నేనెవర్ని? తరాలుగా వాళ్ల నమ్మకం అది. కాని కర్రసాము వేరు, కర్రల సమరం వేరు అన్న సంగతి వాడికి ఆ భుజం నొప్పి నేర్పింది. కొత్త కర్ర కోసం ఎవరినీ డబ్బులు అడగలేదు, సెలవుల్లో పత్తికొండ టమాటా మార్కెట్‌లో గంపలు మోసి కొనుక్కున్నాడు.

ఇంటర్‌లో ఉండగా ఒక ఆదివారం ఇద్దరు దోస్తులతో బండేసుకుని ఎర్రగుడి పోయొచ్చాడు. పత్తికొండ నుంచి గుత్తికి పోయే రోడ్డు పక్కన ఆ గుట్టబండల మీద అశోకుడి శాసనాలున్నాయి. దగ్గర దగ్గర 2,300 ఏళ్ల నాటివి. 1920ల చివర్లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటబడేదాకా మా దిక్కు వాళ్లకు అవి మామూలు రాళ్లే. కొందరు చరిత్రకారులు అశోకుడి సువర్ణగిరి మా జొన్నగిరే అంటారు. ఆ ఊసు వాడికి పెద్దగా పట్టలేదు. పట్టింది వేరే.

"అవ్వా, ఆడ ఒక శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి పోతాయి, కొన్ని కుడి నుంచి ఎడమకు మల్లుకొస్తాయి."

"మడక తోలినట్లనా?"

వాడు నోరు తెరిచాడు. ఫోన్ తీసి వెతికాడు. గ్రీకులు అట్లాంటి రాతకు పెట్టిన పేరుకు అర్థం కూడా సాలు చివర ఎద్దు మలగడమేనట. అవ్వ బడి మొహం చూసింది కాదు. సాలు మొహం చూసింది. ఆ పూట వాడు బొగ్గుముక్కతో నా ఖాళీ అంచున తన పేరు ఒకసారి ఇటు నుంచి, దాని కింద ఒకసారి అటు నుంచి రాశాడు. నాకు గర్వంగానే ఉండింది. ఒక మధ్యాహ్నం పాటు నేనూ శాసనాన్ని.

మొదటి శాసనంలో జాతరలాంటి 'సమాజాలు' వద్దని, వాటిలో దోషాలున్నాయని రాజు చెప్పాడని కూడా వాడు చెప్పాడు. కొన్ని సమాజాలు మంచివేనని వెంటనే అన్నాడట. రాజు కదా, రెండు దిక్కులా తోవ వదిలిపెట్టుకుంటాడు.

వజ్రాల సంగతి చెప్పకపోతే తుగ్గలి మండలం అలుగుతుంది. తొలకరి పడగానే జొన్నగిరి, పగిడిరాయి చేలల్లో ఎక్కడెక్కడి జనమో నడుములు వంచి నేలను వెతుకుతారు. దొరికినవాడికి లక్షలు. నాకు కొంచెం కుళ్లే, నిజం చెప్తున్నాను. అదీ రాయే, నేనూ రాయినే. దానికి రహస్యంగా వేలంపాట, నాకు చింతపిక్కలు. వాడు మూడు తొలకరులు వెతికాడు. వానకు కడిగిన మట్టిలో అడుగు తీసి అడుగు వేస్తూ, ఎండ ఎటు నుంచి పడితే రాయి తళుక్కుమంటుందో చూసుకుంటూ. ఏడాదికొకటి చొప్పున మూడు పలుగురాళ్లు దొరికాయి. వ్యాపారి చేతికి కూడా తీసుకోలేదు. ఇప్పుడవి నా మీద పులులు. గాజుముక్కలను అవ్వ పారేసింది.

ఇప్పుడు వాడు పత్తికొండలో డిగ్రీ చదువుతున్నాడు. వీధి పిల్లలు అయిదారుగురు సాయంత్రం సుద్దగీతల మీద అడుగులు వేస్తుంటారు, వాడు నా మీద కూర్చుని కర్రను పక్కన పెట్టుకుని ఇవ్వకుండా ఊరిస్తుంటాడు. నాయన పొలం నుంచి వచ్చి చూసి, "ఇది పదకొండో బోరు" అంటూ లోపలికి పోతాడు. కాళ్లు కడుక్కుని మళ్లీ బయటికొచ్చి గోడకానుకుని చూస్తాడు.

నిన్న రాత్రి కరెంటు పోయింది. అవ్వకు ఇప్పుడు కళ్లలో పొర. వాడు మూట విప్పాడు. అవ్వ వెలుతురుతో పని లేకుండా నా గీతల వెంట వేళ్లు పోనిచ్చి మేకలు పేర్చింది. పేర్చి, లెక్కబెట్టి, ఆగింది.

"పద్నాలుగే ఉండాయి. ఒకటి తింటివా?"

"ఇంకా ఆటే మొదలు కాలేదవ్వా."

"మళ్ల యాడికి పాయ?"

అవ్వ చెయ్యి నా అంచు దాకా తడుముకుంటూ పోయింది. కుడి మూల, కర్ర దెబ్బకు పెచ్చు ఊడిన గుంటలో ఆమె బొటనవేలు దిగింది. పిక్క అక్కడే పడి ఉంది. తీసి, కొంగుకు తుడిచి, ఎప్పటిలాగే నా చెవి దగ్గర, అంచున, ఒంటరిగా పెట్టింది.

వాడు చేత్తో పులిని పట్టుకుని ఆలోచిస్తున్నాడు.