బకెట్లో బుద్ధిమంతుడు

మన మురికినీళ్లకు వైర్‌లెస్ యోగం పట్టి పదేళ్లు దాటింది. బాగా కాలుష్యం చేసే 17 రకాల పరిశ్రమలు గొట్టం చివర సెన్సర్లు పెట్టుకుని, అంకెలు ఎప్పటికప్పుడు పంపాలని 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి హుకుం జారీ చేసింది. మందుల ఫ్యాక్టరీలు, రంగుల ఫ్యాక్టరీలు, డిస్టిలరీలు, చక్కెర మిల్లులు ఆ జాబితాలోవే. పటాన్‌చెరు వాళ్లకు, పరవాడ వాళ్లకు వీటి వాసన కొత్తగా పరిచయం చేయక్కర్లేదు.

సెన్సర్ కొనేది ఫ్యాక్టరీ. కడిగేది ఫ్యాక్టరీ. సరిచూసేది ఫ్యాక్టరీ డబ్బులిచ్చి పెట్టుకున్న కాంట్రాక్టరు. ప్రభుత్వం వంతు చదువుకోవడం. పరీక్ష రాసిన కుర్రాడే పేపరు దిద్దుకుని మార్కులు బడికి పంపితే, హెడ్మాస్టరు మురిసిపోయినట్టుంది వ్యవహారం.

యంత్రాన్ని ఏమీ అనను, పాపం. పీహెచ్ చూసే గాజుబుడ్డి మురికిలో రాత్రింబగళ్లు మునిగి ఉంటుంది. కడగకపోతే పాచి పడుతుంది, పాచి పడితే అబద్ధం చెబుతుంది. బీఓడీ, అంటే నీళ్లలోని మురికిని తినే సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్క, దాని గొడవ ఇంకోటి. అసలు పరీక్షకు నీళ్లను 27 డిగ్రీల వేడిలో మూడు రోజులు చీకట్లో ఉంచాలి. సెన్సర్‌కు అంత తీరిక లేదు. నీళ్లలోకి అతినీలలోహిత కాంతి వేసి, ఎంత ఆగిందో చూసి, అంచనా కట్టి చెప్పేస్తుంది. ఆ అంచనాను ల్యాబు లెక్కతో తరచూ పోల్చి చూడాలి. ఎవరు చూడాలంటే, పైపేరా మళ్లీ చదవండి.

ఇక మనవాళ్ల తెలివి. సెన్సర్‌ను గొట్టంలోంచి తీసి మంచినీళ్ల బకెట్లో ముంచితే చాలు, పీహెచ్ ఏడు దగ్గర బుద్ధిగా కూర్చుంటుంది. వాన పడినా ఏడే, బాయిలర్ ఆగినా ఏడే, పండగ సెలవైనా ఏడే. బతికున్న నీళ్ల అంకె అటూ ఇటూ కదులుతుంది. కదలకుండా నిలబడిన గీత చూడగానే అధికారికి అనుమానం రావాలి. వస్తే ఫ్యాక్టరీకి వెళ్లాలి, వెళ్లడానికి జీపు ఉండాలి. జీపు వైర్‌లెస్ కాదు కదా, డీజిల్ అడుగుతుంది.

అంకె హద్దు దాటితే అధికారులకు ఎస్ఎంఎస్ వెళ్తుంది. నిజమే, వెళ్తుంది. వెళ్లాక ఎవరికి పుట్టిన బిడ్డరా వెక్కివెక్కి ఏడుస్తున్నావు అన్నట్టు అది ఫోన్లోనే పడుంటుంది. హైదరాబాద్ నాలాలో నీళ్లు మాత్రం ఎస్ఎంఎస్ కోసం ఆగవు. మూసీలో కలిసి, వాడపల్లి దగ్గర కృష్ణలో దిగిపోతాయి.

ఒక్క మంచి మాట. ఈ అంకెలు ఎప్పటికప్పుడు ప్రజలకు కనిపించాలని 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మీ రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్ తెరవండి. మీ ఊరి ఫ్యాక్టరీ గీత చూడండి. అది కనిపించకపోయినా, అస్సలు కదలకపోయినా, ఎందుకని అడుగుతూ సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పడేయండి.