రబ్బరు సంజీవని: ఒక పాత స్పోర్ట్స్ కారు టైరుకు టీకా తాత్పర్యం

అవతారిక

కొలచాల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాయబోతూ మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ముందే నియమం పెట్టుకున్నాడు. ఆయన ముందున్నది మేఘసందేశం. ఈ టీకాకారుడి ముందున్నది నంద్యాలలో ఒక టైర్ల కొట్టు, దాని వాకిట్లో జాకీ మీద నిలబడ్డ పాత కారు. మొదటి నియమం ఎలాగో పాటించవచ్చు. రెండోది పాటిద్దామన్నా కొట్టు యజమాని సాగనివ్వడు.

ముందు నాయకుణ్ణి పరిచయం చేయాలి. మన వైపు స్పోర్ట్స్ కారంటే రెండే తలుపులుండి నేలకు కరుచుకుపోయే బండి కాదు. అటువంటిది ఇక్కడి స్పీడు బ్రేకర్ల మీద మొదటి ఆశ్వాసం కూడా దాటదు. ఊరంతా మారుతి 800లో నలభై గుర్రాల లోపు బలంతో తిరుగుతున్న రోజుల్లో 106 గుర్రాల బలంతో దిగిన హోండా సిటీ వీటెక్, ఆ వరసలోనే ఫియట్ పాలియో 1.6, ఫోర్డ్ ఐకాన్ 1.6. ఇవీ మన ధీరోద్ధత నాయకులు. ఇప్పుడు వీటికి ఇరవై ఏళ్లు దాటాయి. పదిహేనేళ్లకు ఆర్‌సీ రెన్యువల్ చేయించుకుని, షెడ్డులో కవరు కింద పడుకుని, ఆదివారం పూట నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు, పండగపూట అక్కణ్ణుంచి అహోబిలానికి పోయొస్తుంటాయి. అలాంటి కారుకు టైర్లు మార్చే ఘట్టం ఇది.

మూలం

175/65 ఆర్ 14 82 టి

ప్రతిపదార్థం

175 = నూట డెబ్బదియైదు మిల్లీమీటర్ల వెడల్పు గలదియును; 65 = ఆ వెడల్పులో నూటికి అరువదియైదు పాళ్ల ఎత్తైన పక్కలు గలదియును; ఆర్ = రేడియల్ కట్టు గలదియును; 14 = పదునాలుగు అంగుళముల రిమ్మును కౌగిలించునదియును; 82 = నాలుగు వందల డెబ్బదియైదు కిలోల బరువు మోయనోపునదియును; టి = గంటకు నూట తొంబది కిలోమీటర్ల వేగమునకు తాళునదియును అగు, ఓ టైరూ! = రబ్బరు చక్రమా! నీవు పగలక వర్ధిల్లుదువు గాక.

టీక

ఈ మూలానికి లోకంలో అపార్థాలు మెండు. ‘ఆర్’ను రేడియస్ అనుకునేవారు ఒక తెగ. పదునాలుగు అడ్డకొలతే గాని వ్యాసార్ధం కాదు. 82ను గాలి లెక్క అనుకునేవారు రెండో తెగ. వీరు గాలిమిషను దగ్గర కనబడితే దూరంగా నిలబడడం మంచిది. ఆ అంకె ఒక పట్టికలో వరస సంఖ్య మాత్రమే. 82కు 475 కిలోలు, 84కు 500, 86కు 530. నాలుగు టైర్లు కలిసి 1900 కిలోలు మోస్తాయన్నమాట. టన్ను బరువుండే కారులో ఐదుగురు ఎక్కి, డిక్కీలో బనగానపల్లె మామిడి బుట్టలు వేసినా ఇంకా చోటుంది.

‘టి’ దగ్గర కొందరు నవ్వుతారు. నాలుగు లేన్ల జాతీయ రహదారి మీద కార్లకు 2018లో పెట్టిన పరిమితి వంద. 190 ఎవరికోసం? ఇందులో అలంకారం అతిశయోక్తి అని సరిపెట్టుకోబోతే పొరపాటు. ఆ అక్షరం మనల్ని పరుగెత్తమనడం లేదు, వేడికి తట్టుకునే శక్తిని చెబుతోంది. గాలి తగ్గిన టైరు పక్కలు ప్రతి చుట్టుకూ వంగి లేస్తాయి. ఆ వంపుల్లోనే వేడి పుడుతుంది. నంద్యాల మే నెలలో రోడ్డు ఇచ్చే వేడి దానికి తోడు. కాబట్టి కంపెనీవాడు తలుపు కమ్మీ మీది స్టిక్కరులో ఏ అక్షరం, ఏ అంకె ఇచ్చాడో అంతకంటే కిందికి దిగకూడదు. ‘హెచ్’ అయితే 210, ‘వి’ అయితే 240. పైకి పోతే దోషం లేదు.

పాఠాంతరాలు

ఏ ప్రాచీన గ్రంథానికైనా పాఠభేదాలు తప్పవు. ఈ మూలానికి కొట్టులో వినబడేవి రెండు.

మొదటిది 185/60 ఆర్ 14. లెక్క కట్టి చూద్దాం. మూలంలోని టైరు నిలువెత్తు 583 మిల్లీమీటర్లు, ఈ పాఠంలో 578. తేడా నూటికి ఒక పాలు లోపే. స్పీడోమీటరు గమనించదు, బరువు అంకె కూడా 82గానే ఉంటుంది. రిమ్ము వెడల్పు ఒప్పుకుంటే ఈ పాఠం గ్రాహ్యం.

రెండోది 185/65 ఆర్ 14. ‘మూలం దొరకలేదన్నా, ఇది యేసుకో, ఏం కాదు’ అని కొట్టువాడు అందించే పాఠం ఇదే. ఎత్తు 596కు పోతుంది, అంటే రెండు పాళ్ల పైచిలుకు. స్పీడోమీటరు వంద చూపితే కారు 102లో ఉంటుంది. అది చిన్న సంగతే. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు, నలుగురెక్కి గుంతలో పడినప్పుడు మడ్‌గార్డు లోపల రాసుకోవడం పెద్ద సంగతి. కొట్టు గచ్చు మీద ఖాళీ కారును నిలబెట్టి చూస్తే ఇది తెలియదు. ఇది లేఖకుడి సౌకర్యం కోసం పుట్టిన పాఠం.

పాకనిర్ణయం

మన లాక్షణికులు కవిత్వాన్ని ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని విభజించారు. రబ్బరుకూ ఈ విభజన అక్షరాలా సరిపోతుంది. ద్రాక్షాపాకపు టైరు మెత్తన. రోడ్డును పట్టుకుంటుంది, బ్రేకు తొక్కితే మాట వింటుంది, తొందరగా అరుగుతుంది. నారికేళపాకం గట్టిది. ఎన్ని వేల కిలోమీటర్లు తోలినా అరగదు, వాన పడ్డ రోజు పట్టూ ఉండదు. కదళీపాకం నడిమిది. కొన్ని టైర్ల పక్కన ట్రెడ్‌వేర్ అనే అంకె ఉంటుంది. రెండువందల చిల్లరైతే ద్రాక్ష వైపు, నాలుగువందలు దాటితే కొబ్బరికాయ వైపు అని స్థూలంగా చదువుకోవచ్చు. అయితే ఆ అంకె ఎవరి టైరుకు వారు వేసుకునేది గనక ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో జత కట్టి తీర్పు చెప్పకూడదు.

ఇక్కడే ఈ టీకకు ప్రాణమైన చర్చ.

పూర్వపక్షం: ‘అన్నా, ఇది యేయించుకో. బొలెరో వాళ్లంతా ఇదే యేయిస్తాండారు. లక్ష తోలినా గ్రిప్పు పోదు.’

కొట్టువాడు అబద్ధమాడడం లేదు. అతని గిరాకీ అంతా రోజూ కర్నూలుకూ కడపకూ తిరిగే బండ్లు. వాళ్లకు కిలోమీటరుకు ఎన్ని పైసలు అరిగిందన్నదే లెక్క. మన్నికే అతని శాస్త్రం.

సిద్ధాంతం: మన కారు ఏడాదికి తిరిగేది కొద్ది వేలు. లక్ష కిలోమీటర్ల టైరు దీనికి వేస్తే ఆ లక్ష పూర్తయ్యేసరికి కారు మనవడి చేతికి పోతుంది. ఈలోగా రబ్బరు ముసలిదవుతుంది. ఎండ, గాలిలోని ఓజోను, ఊరికే నిలబడి ఉండడం, ఇవన్నీ రబ్బరును గట్టిపరుస్తాయి. ఎండిపోకుండా అందులో కలిపిన రసాయనాలు టైరు తిరుగుతూ వంగుతూ ఉంటేనే పైకి ఊరి కాపాడతాయి. షెడ్డులో పడుకున్న టైరుకు ఆ భాగ్యం తక్కువ. అంటే మన టైరు అరిగి చావదు, వయసు మీరి చావాల్సిందే. అరగని టైరుకు మన్నిక కొనడం డబ్బు దండగ. ఆ డబ్బుతో పట్టు కొనుక్కోవాలి. ఈ కారుకు ద్రాక్షాపాకమే, అది దొరక్కపోతే కదళీపాకం, విధి.

దొరకడం మాటకొస్తే, కేంద్రం 2020 జూన్‌లో టైర్ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. పాత స్పోర్ట్స్ కార్ల చిన్న సైజుల్లో విదేశీ మెత్తని టైర్లు అప్పట్నుంచి గగనకుసుమాలు. సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్‌కూ, పూర్వపు చిత్తూరు జిల్లా చినపాండూరులో అపోలోకూ ఫ్యాక్టరీలున్న మనం స్వదేశీ టైర్లలోనే మెత్తనివాటిని వెతుక్కోవడం మేలు. కొట్టులో లేదంటే తెప్పించమని అడగాలి. రెండు రోజులు ఆగితే కారు అలగదు.

ఆశ్వాసాంత గద్య

కావ్యంలో ఆశ్వాసం చివర కవి తన వంశమూ పేరూ చెప్పుకునే గద్య ఉంటుంది. పద్యం మోజులో పడ్డవాళ్లు దాన్ని దాటేస్తారు. టైరు పక్కన కూడా అలాంటి గద్య ఒకటుంది. చిన్న గుడ్డు ఆకారపు గీతలో నాలుగు అంకెలు. 2318 అని ఉంటే 2018లో ఇరవై మూడో వారం, అంటే జూన్ తొలినాళ్లు. మూలమంతా ఒక ఎత్తు, ఈ నాలుగంకెలు ఒక ఎత్తు. ఇవి తరచు ఒక పక్కే ఉంటాయి. బిగించినప్పుడు ఆ పక్క లోపలికి పోతే తర్వాత కారు కింద దూరి చదువుకోవాలి. అందుకని టైరు కొట్టులో నేల మీద ఉండగానే చదవాలి.

ఐదేళ్లు దాటాక ఏటా చూపించుకోవాలనీ, ఎంత బాగున్నా పదేళ్లకు తీసేయాలనీ తయారీదార్లు చెప్పే మాట. మన ఎండకు ఆ గడువును ముందుకు జరుపుకుంటే తప్పు లేదు. తక్కువ ధరకు ఇస్తామంటే నాలుగేళ్లు గోడౌనులో పడి ఉన్న సరుకు తీసుకునేవాడు, ఆయుష్షులో సగం పోయినదాన్ని మూడొంతుల ధరకు కొన్నట్టు.

శిల్పశాస్త్రం రాతిని తట్టి, నాదం విని, ఏ రాయి విగ్రహానికి పనికొస్తుందో ఎంచమంటుంది. ఆళ్లగడ్డ శిల్పుల వీధిలో నిలబడితే ఆ తట్టుడు ఇప్పటికీ వినిపిస్తుంది. రబ్బరుకు నాదపరీక్ష లేదు, గోటి పరీక్ష ఉంది. గ్రిప్పు గట్టు మీద బొటనవేలి గోరు నొక్కితే కొంచెం దిగి, తీయగానే గుర్తు మాసిపోవాలి. పాత టైరు మీద గోరు జారుతుంది. టైరు వంచి చూస్తే పక్కల్లో సన్నని బీటలు, ఎండకు పగిలిన చెరువు మట్టిలా. గ్రిప్పు లోతు ఇంకా నిండుగా ఉంటుంది. ‘సూడన్నా, గాళ్లు ఎంత లోతుగా ఉండాయో’ అంటాడు చూసినవాడు. గాళ్ల అడుగున 1.6 మిల్లీమీటర్ల ఎత్తున ఉండే హద్దు గట్టు అరుగుదలకు సాక్షి. వయసుకు సాక్షి ఆ గద్యే.

సందర్భం

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు నలభై కిలోమీటర్ల పైచిలుకు, ఒకప్పటి 18వ నంబరు, ఇప్పటి 40వ నంబరు జాతీయ రహదారి. తిన్నని రోడ్డు, పైన ఎండ. ఇక్కడ టైరుకు శత్రువు వేడి. ఆళ్లగడ్డ దాటి అహోబిలం వైపు తిరిగితే స్పీడు బ్రేకర్లు, పల్లెలు, అంచు తెగిన తారు. ఇక్కడ శత్రువు పక్క దెబ్బ. 65 పాళ్ల పక్క అనే మూలపాఠం ఇక్కడ అక్కరకొస్తుంది. అల్లాయ్ పెద్దది వేసి పక్కను పలచన చేసినవాడికి ఇక్కడే బుడిపె లేస్తుంది. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే నల్లమల ఘాట్‌లో వానాకాలం మూడో శత్రువు నీరు. వెడల్పు టైరు నీటి మీద తేలడానికి తొందరపడుతుంది. కాబట్టి ‘వెడల్పుంటే గ్రిప్పు ఎక్కువ’ అన్న మాటకు ఘాట్‌లో వాన రోజు ప్రమాణం లేదు.

ధ్వనివిచారం

కావ్యానికి ఆత్మ ధ్వని అన్నాడు ఆనందవర్ధనుడు. టైరుకు ధ్వని దోషం. కొత్త టైర్లు బయల్దేరగానే హూంకరిస్తే దారి మీద నేరం వేయకుండా ముందు అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు చూపించాలి. పక్కన రొటేషన్ అని బాణం ఉన్న టైరుకు బాణం పోయే దిక్కే అన్వయక్రమం. ఔట్‌సైడ్ అని రాసి ఉన్న పక్క బయటికే ఉండాలి. అన్వయం తప్పితే ఎంత మంచి పద్యమైనా అర్థం చెడుతుంది.

శేషచర్చ

రెండే టైర్లు మార్చేవారికి కొట్టులో చెప్పేది: ‘ముందు చక్రాలే లాగుతాయన్నా, కొత్తవి ముందుకేద్దాం.’ సిద్ధాంతం వెనక్కే. తడిలో ముందు జారితే కారు తిన్నగా పోతుంది, యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే దారికొస్తుంది. వెనక జారితే బొంగరం.

నైట్రోజన్ మతస్థులకు సమాధానం: మామూలు గాలిలో 78 పాళ్లు అదే. పుణ్యం వస్తుందనుకుంటే కొట్టించుకోవచ్చు. గాలి ఏదైనా చల్లటి టైరులో కొలవాలి. పదకొండు డిగ్రీల వేడి పెరిగితే ఒత్తిడి రెండు పౌండ్ల దాకా పెరుగుతుంది. ఆళ్లగడ్డ చేరాక వేడి టైరులో ‘ఎక్కువుంది’ అని తీసేస్తే తెల్లారేసరికి తక్కువవుతుంది.

తాత్పర్యం

కంపెనీ చెప్పిన సైజును గౌరవించు, బరువు అంకెలోనూ వేగపు అక్షరంలోనూ కిందికి దిగకు. తక్కువ తిరిగే కారుకు మన్నిక వెతక్కు, మెత్తని కొత్త రబ్బరు కొను. పేరూ ధరా చూసే ముందు గద్య చదువు.

ఫలశ్రుతి

2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18కి దిగింది. బిల్లులో ఆ 18 కనబడాలి, బిల్లు మీద నాలుగంకెల తేదీ రాయించుకోవాలి. డిక్కీ ఎత్తి స్టెప్నీ గద్య కూడా చదవాలి. అందులో మూడే అంకెలుంటే అది 2000కు ముందటి సరుకు. పరిశోధకులకు ఇచ్చేయవచ్చు, రోడ్డు మీదికి తేరాదు. ఈ టీకను శ్రద్ధగా చదివినవారికి స్టెప్నీతో పని పడదు. పడితే అందులో గాలి ఉంటుంది.