పెట్టెమామ పెట్టె

మనుష్యులు స్వీయచరిత్రములు వ్రాసికొనునపుడు వంశవర్ణనముతో నారంభించుట ఆచారము గనుక నేనును ఆ మర్యాద తప్పక చెప్పెదను. నల్లమల యడవిలోని టేకుమ్రాను నా తల్లి. నంద్యాలలో నొక వడ్ల ఆచారి కొట్టము నా పురిటిల్లు. నాలుగు మూలలకు ఇనుపపట్టెలు, ఇరుప్రక్కల కడియములు, మూతకొక గొళ్ళెము, ఇంతియే నాకు పెట్టిన సొమ్ములు. నన్ను చేయించినవాడు కూతురి పెండ్లిచీరెల కొఱకుగాని కరణముగారి దస్త్రముల కొఱకుగాని చేయింపలేదు. సురభి నాటక సమాజములలో నొకదానికి మేనేజరై, ముప్పదియేండ్లు కర్నూలు కడప జిల్లాల దుమ్ములో ఆ సమాజమును ఊరూర త్రిప్పి, రాత్రి యాట నడచుచున్నంతసేపును టిక్కెట్టు ద్వారమునొద్ద నామీదనే కూర్చుండుటచేత సమాజపు పిల్లలందఱును 'పెట్టెమామ' యని పిలిచిన మనుష్యుడొకడు నన్ను చేయించెను. తలిదండ్రులు పెట్టిన పేరు ఆయనకు జీతముల పుస్తకములో తప్ప మఱెక్కడను అక్కఱకు రాలేదు. కావున నేనును ఆ పేరు చెప్పను.

సురభి యనగా నాటకమని దేశమంతయు నెఱుగును గాని, అది కడప జిల్లాలో నొక పల్లె పేరని యెఱిగినవారు కొందఱే. మొదట దానిని సొరుగు అనెడివారు. మరాఠదేశమునుండి తరతరాల క్రిందట దిగివచ్చి తోలుబొమ్మలాడించి బ్రదుకుచుండిన కుటుంబములవాడైన వనారస గోవిందరావుగారు 1885లో ఆ పల్లెయందు కీచకవధ నాటకమును ఆడించిరి. అంతవఱకు తెరచాటున కూర్చుండి బొమ్మచేత మాటలాడించినవాడు తెరముందునకు వచ్చి తానే రంగు పూసికొని నిలిచెను. తక్కినచోట్ల మీసములు గొఱిగించుకొనిన పురుషులే సీతలును ద్రౌపదులును అగుచుండిన కాలమున ఈ యింటి యాడువారు ఆడువేషములు తామే కట్టిరి. కొడుకులును అల్లుండ్రును మనుమలును వేఱుపడినకొలది సమాజములును వేఱుపడి, ఒక్క చింతచెట్టు తోపైనట్లయ్యెను. ఇంటివారే నటులు, ఇంటివారే వాద్యగాండ్రు, ఇంటివారే తెరలు లాగువారు. మా సమాజములో మామ యొక్కడే పైవాడు. ముద్దనూరు ప్రాంతపు రైతుబిడ్డ. పదునాఱేండ్ల వయసున మాయాబజారు చూడవచ్చి, తెల్లవాఱినపిమ్మట గుంజలు పెఱుకువారికి ఒక చేయివేసి, మఱి యింటికి పోలేదు. ఆ తరువాత ఆ నాటకమును ముందు కూర్చుండి చూచిన పాపమున పోలేదు. ఘటోత్కచుని యడుగుల చప్పుడును బట్టి ఇంక ఎంత యాట మిగిలినదో, ఏ దీపమునకు గాలి కొట్టవలెనో చెప్పగలిగెడివాడు.

సమాజమునకు మేనేజరేల యని యడుగువారు గలరు. నటుడు ఆటనాటికి వచ్చిన చాలును. మేనేజరు నాలుగునాళ్ళు ముందు రావలెను. 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టము పుణ్యమా యని రాముడు రావణుని చంపుటకును ఆ కాలమున ఠాణాలో అనుమతి కావలసియుండెను. మద్రాసు ప్రభుత్వమువారు 1939లో వినోదపుపన్ను శాసనము చేసినపిమ్మట చంపిన రాత్రికి లెక్కయు నప్పగింపవలసియుండెను. జమ్మలమడుగో, వేంపల్లెయో, బనగానపల్లెయో, ఏ యూరైనను మామ నన్నొక బండిలో వేసికొని చేరి, మొట్టమొదట ఆటస్థలము నడుగడు, పెద్దల యిండ్లు నడుగడు, బావి నడుగును. చేద వేసి నీరు తోడి, అరచేతిలో పోసికొని, పుక్కిలించి, కొంత మ్రింగి, కన్నులు మూసికొని నిలుచును. ఆ భూములలో సగము బావులు ఉప్పునీళ్ళబావులే. చంటిబిడ్డలు మొదలు ముదుసళ్ళవఱకు ఒక యూరంత కుటుంబము నెలనాళ్ళు ఆ నీళ్ళే త్రాగవలెను. ఆ గొంతులతోనే పద్యములు పాడవలెను. ఒకసారి ఊరిపెద్ద యొకడు వేపచెట్టు క్రింద కూర్చుండి ఈ తంతు చూచి, "ఏమప్పా, నీళ్ళు తాగనీకి వచ్చినావా, నాటకం ఆడించనీకి వచ్చినావా?" అని నవ్వెను. "సామీ, మా కిష్ణుడు పాడల్లంటే మీ బాయి బాగుండల్ల గదా" అని మామ యనెను. ఆ పెద్ద మఱి నవ్వక తన తోటబావి చూపించెను.

నా కడుపులో నేమేమి యుండెనో చెప్పిన నమ్మరు. జమాఖర్చు పుస్తకము, నేల బెంచి కుర్చీ టిక్కెట్ల కట్టలు, అనుమతి పత్రములు, ఇవి పైయరలో. వానిక్రింద పెట్రోమాక్సు దీపములకు మాంటిళ్ళు, దూదిలో చుట్టి, కోడి గ్రుడ్లను పొదిగినట్లు, దేవతలను ఆకాశమున నడిపించు తీగలకును కప్పీలకును నూనెబుడ్డి, మీసములంటించు జిగురు, సఫేదా, అర్దళము, ఇంగిలీకము కట్టిన పొట్లములు, హార్మోనియమునకు మిగులు మెట్లు, గొంతు పట్టుకొనినవారికి మిరియాలు, శొంఠి, కలకండ, తలనొప్పికి అమృతాంజనము, ఏడ్చు పిల్లలకు బొరుగులు. శశిరేఖ కాలిగజ్జె తెగినను, భీముని గద పిడి యూడినను, లోపలినుండి ఒకటే కేక వినబడును: "మామా, పెట్టె!" ఆయన లేచును, నా మూత తెఱచును, చూడకయే చేయి పెట్టి కావలసినది తీయును. నాకు కన్నులుండియుండినచో ఆ చేతిని చూచి గర్వించియుందును.

ప్రయాణముల మాట చెప్పకున్న నా కథ సగమే. నంద్యాలనుండి కడపకు బండిదారిని ఆళ్ళగడ్డ, చాగలమఱ్ఱి, దువ్వూరు, మైదుకూరు మీదుగా పోవచ్చును. ఎద్దులు దొరకనపుడో, సామాను మిక్కుటమైనపుడో రైలే శరణ్యము. అయితే దక్షిణముననున్న కడపకు పోవుటకై పడమటనున్న గుంతకల్లుకు పోవలెను. అప్పటికి నంద్యాల దారి మీటరుగేజి, కడప దారి బ్రాడ్‌గేజి. ఆ పెట్టెలు ఈ పట్టాలమీద నడువవు. (నంద్యాలనుండి యెఱ్ఱగుంట్లకు నేరుగా రైలు పడినది 2016లో! ఎవరికి పనికివచ్చినను మాకు పనికిరాలేదు.) కావున గుంతకల్లులో సమస్తమును దింపి, మోసి, మఱల నెక్కింపవలెను. వేసవి మధ్యాహ్నమున, ఇనుము తాకిన బొబ్బలెక్కు వేళ, మామ నన్ను ప్లాటుఫారముమీద నిలిపి, నామీద నిలుచుండి, చుట్టిన తెరల నొక్కొక్కదానిని పేరుపెట్టి లెక్కించును. "ఏం సామీ, కైలాసం ఎక్కిందా?" అని కూలీ యడుగును. "కైలాసం ఎక్కింది, దర్బారే ఇంకా కిందుండాది" అని మామ చెప్పును. ప్రక్కన కూజా పట్టుకొని నిలిచిన ప్రయాణికు లెవరైన విన్న నేమనుకొందురో! మా కది నిత్యకృత్యము. అంతఃపురము కంటె అరణ్యము బరువని నాకు తెలియును, ఏలయనగా దానికి రంగు మందముగా పూసిరి.

ఇక నాకు సంభవించిన యొక యవమానమును చెప్పెదను. సీమలో వానకొఱకు కప్పలకు పెండ్లి చేయుదురు. కాని డేరాక్రింద బ్రదుకువానికి వానయే మృత్యువు. ప్రొద్దుటూరులో నొక సంవత్సరము మేము దిగిన మూడవ రాత్రి మబ్బు పట్టి తొమ్మిదినాళ్ళు విడువక కురిసెను. ఊరంతయు వీధులలో నిలిచి తడియుచు నవ్వుచుండగా, మామయు గుడారము బయటికి వచ్చి, తలగుడ్డ తీసి, ముఖము పైకెత్తి నిలుచుండెను. రైతుబిడ్డ గదా, ఆయన పెదవులు నవ్వుచుండెను. చేతులు మాత్రము తడిసి బిగిసిన త్రాళ్ళను ఒక్కొక్కటి వదులు చేయుచుండెను. తొమ్మిది రాత్రులు ఆట లేదు. కిరసనాయిలునకు, బియ్యమునకు, జొన్నలకు అప్పు నిలిచెను. సమాజమును ముందుటూరికి పంపి, తాను వెనుక నిలిచి, ఎప్పటివలెనే కొట్టుకొట్టునకు తిరిగి సమాధానము చెప్పుచు వచ్చి, కడపటి కొట్టునొద్ద చేతిలో నేమియు లేక నన్ను చూచెను. "పెట్టె ఈడ పెట్టిపో మామా, దుడ్లు తెచ్చి తీసుకపో" అని యంగడివాడనెను. అన్యాయపు మాట కాదు. మామ నా కడుపులోని సరకు నంతయు దుప్పటిలో మూటగట్టి భుజమున వేసికొని, వెనుదిరిగి చూడక పోయెను.

నలువదినాళ్ళు నేను ఆ యంగడిలో బెల్లపుటచ్చులు మోసితిని. చీమలు నా కీళ్ళలో కాపురములు పెట్టెను. అంతవఱకు నేను మోసినది బరువని నాకు తోచియుండలేదు. ఆ బెల్లము మాత్రము బరువుగా తోచెను. నలువదియొకటవనాడు మధ్యాహ్నము, మోకాళ్ళవఱకు దుమ్ముతో, మామ వచ్చి పైకము లెక్కపెట్టి యిచ్చెను. అంగడివాడు ఆశ్చర్యపడి, "ఈ పాతపెట్టె కోసం ఇంత దూరం నడిచి వస్తివా? కొత్తది చేయించుకోగూడదా?" యనెను. "పెట్టె కోసం కాదప్పా, మళ్ళీ మీ ఊరికి రావద్దా?" యని మామ చీమలను దులుపుచు బదులు చెప్పెను. మఱుసటి యేడు ఆ యంగడివాడే ముందుగా సరకు పంపి, గుడారము వేయించి, కుర్చీ టిక్కెట్టు కొని కూర్చుండెను.

కరవుకాలమున ఆటలు చూచువారెవరు? 1952లో సీమలో గంజికేంద్రములు పెట్టిననాడు మేము పల్లెలవెంట పడి, కొఱ్ఱలకును జొన్నలకును ఆడితిమి. సోలెడు గింజలు నేల టిక్కెట్టు. ఆ మరుసటి యేడు అక్టోబరు 1న కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధానియయ్యెను. భవనములు చాలక సర్కారువారు డేరాలలో కచ్చేరులు పెట్టిరి. గుమాస్తాలు డేరాలలో కాపురముండిరి. మామ స్థలము వెదకుచు ఆ డేరాలనడుమ నడచుచు, రాజ్యాంగ విషయములు పట్టించుకొనక, మేకులను మాత్రము పరీక్షించి, "లోతు చాల్లేదు, ఈదరగాలికి నిలబడవు" అని పెదవి విఱిచెను. 1956లో ఆ డేరాలెత్తివేసి రాజధాని హైదరాబాదునకు తరలిపోయినపుడు, మూడేండ్ల మకాము మాకెన్నడును కుదరలేదని యసూయపడెను గాని, సామాను ఎన్ని బండ్లు పట్టినదో యని మాత్రమే యడిగెను.

మమ్ము నిజముగా దెబ్బతీసినది వానయు కాదు, కరవును కాదు, మా యాడుబిడ్డయే. 1932లో విడుదలైన మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి వేషము కట్టినది సురభి కమలాబాయిగారు. అది మాకు గౌరవమే. తరువాత కొంతకాలమునకు టూరింగు టాకీసులవారు మేము గుంజలు పాతు బయళ్ళలోనే తమ గుంజలు పాతిరి. అంతకంటె ఆ సంగతి పెంచి చెప్పుట నాకిష్టము లేదు.

ఇప్పుడు నేను హైదరాబాదులో, లింగంపల్లి సురభి కాలనీలో, నొక యింటి వసారాలో నున్నాను. మామ పోయి చాల యేండ్లయినది. నామీద పాతదుప్పటి యొకటి, దానిమీద ఆ యింటి పిల్లవాని గిటారు. ఆ పిల్లవాడు తన స్నేహితునితో బీటిల్స్ అను ఇంగ్లండుదేశపు నలుగురు పాటగాండ్రను గూర్చి చెప్పుచుండగా వింటిని. వారికి మాల్ ఎవాన్స్ అను భారీకాయుడొకడు రోడ్డు మేనేజరట. అంతకుముందు టెలిఫోను శాఖలో ఉద్యోగమట. 1963 జనవరి చలిలో లండనునుండి లివర్‌పూలునకు వ్యాను నడుపుచుండగా ముందద్దము పగిలిపోయినను, ఆ మంచుగాలి ముఖమునకు కొట్టుచుండగానే వారినందఱిని ఇల్లు చేర్చెనట. వారికి కావలసిన మందులు, సిగరెట్లు, తంత్రులు మీటు పలుకలు అన్నియు ఒక సంచిలో పెట్టుకొని వెంట తిరిగెడివాడట. 1968లో మన ఋషీకేశమునకును వారివెంట వచ్చెనట. పాటలలో నెక్కడనో దాగలి మీద సుత్తి కొట్టుట, అలారము గడియారము మ్రోగించుట అతని వంతు. 1976లో లాస్ ఏంజిలిసులో పోలీసుల కాల్పులలో మరణించెనని పిల్లవాడు గొంతు తగ్గించి చెప్పెను. నేను మాత్రము ఆ సంచిని గూర్చి యాలోచించుచుంటిని. దాని కథ ఎవరైన వ్రాసిరో లేదో!

నా మూత లోపలివైపు ఎవరును చూడరు. సమాజపు పెద్ద యప్పులు జమాఖర్చు పుస్తకములో నుండెడివి. పుస్తకమున కెక్కదగని చిల్లర యప్పులను మామ మేకుతో నా మూతమీద గీచెడివాడు. చెల్లించిన పిమ్మట అడ్డగీత. దువ్వూరు చాకలి, కొట్టివేసినది. కోవెలకుంట్ల బండివాడు, కొట్టివేసినది. డోను టీ కొట్టు, కొట్టివేసినది. ఇట్లు వందకు పైగా గీతలు. ఒక్కదానికి మాత్రము అడ్డగీత లేదు. యెఱ్ఱగుంట్ల స్టేషనులో నొక యెండకాలమున రైలాగినపుడు, మజ్జిగ యమ్ము నొక యవ్వ కుండ దింపి మా పిల్లలు పదునొకండుగురికిని వరుసగా పోసెను. మామ మొల సంచిలో చేయి పెట్టునంతలో రైలు కదలెను. "పోనీలే నాయనా, మళ్ళొచ్చినప్పుడు ఇత్తువులే" అని ఆమె యనినది నాకు వినబడెను. ఆ తరువాత మూడుమార్లు ఆయన ఆ స్టేషనులో పనిలేకయే దిగి, ప్లాటుఫారము ఈ కొననుండి ఆ కొనకు నడచి, మఱుసటి రైలుకు వచ్చెను. 1957లో అణాలు పోయి నయాపైసలు వచ్చినపుడు 'మజ్జిగ అవ్వ, 2 అణాలు' అనుదానిలో అణాలను గీకివేసి క్రొత్త లెక్క వ్రాసెను. సర్కారు పట్టికలో రెండణాలకు 12 నయాపైసలు; మామ 13 వ్రాసినాడు.