రెండు రోజుల్లో యోగి: బెజవాడ వారికి సూచనలు

ఉండవల్లి కరకట్ట పక్కన శని, ఆదివారాల యోగా శిబిరానికి డబ్బు కట్టేశారు కాబట్టి సగం యోగం సిద్ధించినట్టే. మిగతా సగానికి ప్రామాణిక గ్రంథం ఉంది. 15వ శతాబ్దపు స్వాత్మారాముడు హఠయోగ ప్రదీపికలో యోగాన్ని చెడగొట్టేవి ఆరని తేల్చాడు: అతిగా తినడం, ఒళ్లు హూనం చేసుకోవడం, వాగుడు, నియమాల పిచ్చి, జనంతో పూసుకు తిరగడం, నిలకడలేనితనం. రెండు రోజుల్లో ఆరూ పూర్తి కావాలంటే పద్ధతిగా వెళ్లాలి.

తిండితో మొదలుపెట్టండి. మంతెన సత్యనారాయణ రాజు గారి పుణ్యమా అని ఉప్పు లేని కూర సంగతి బెజవాడలో వినని వారు లేరు. శిబిరంలో ఏం పెడతారో ఊహించుకుని, శుక్రవారం రాత్రే ఉలవచారు బిర్యానీ రెండు రోజులకు సరిపడా పట్టించండి. మ్యాట్ చుట్టలో ఆవకాయ సీసా చక్కగా ఇముడుతుంది. మొలకలు వడ్డించగానే నంజుకోండి, పక్కవారికీ వేయండి. అహింస కూడా యోగంలో భాగమే కదా! కడుపులో నాలుగో వంతు ఖాళీగా ఉంచమన్నాడు స్వాత్మారాముడు. అది బందరు లడ్డుకి.

చెప్పు కింద పడితే కాలితో లాక్కునే నడుము మీది. అయినా మొదటి ఉదయమే శీర్షాసనం వేయండి, అదీ ముందు వరసలో. మెడ నొప్పి, బీపీ మాత్రల సంగతి శిక్షకుడికి చెప్పకండి. ముక్కూ మొహం తెలియని మనిషితో ఇంటి విషయాలేమిటి? కపాలభాతిలో పక్కాయన నిమిషానికి అరవై కొడితే మీరు వంద కొట్టండి. కళ్లు తిరిగితే కుండలిని లేచిందనుకోండి.

మౌనం పాటించే గంట అన్నిటికన్నా విలువైనది. ఇంత దూరం వచ్చి, అమరావతిలో గజం ఎంత పలుకుతోందో కనుక్కోకుండా వెనుదిరిగితే ఇంట్లో ఏం చెబుతారు? కట్టేసింది నోరే, చేతులు కాదు. ధర సైగలతో చెప్పుకోండి. బేరం కుదిరేలా ఉంటే చెట్టు చాటుకు వెళ్లి గొంతు విప్పండి. సాయంత్రం తత్వోపన్యాసంలో ప్రశ్న అడుగుతానని లేచి, మీ ఉపన్యాసం మీరు ఇవ్వండి. పాపం, వక్త కూడా అలిసిపోయి ఉంటాడు.

2025 జూన్ 21న విశాఖలో మూడు లక్షల మందికి పైగా ఒకేసారి ఆసనాలు వేసి గిన్నిస్ రికార్డు కొట్టారు. ఒంటరిగా కళ్లు మూసుకోవడం ఆ రోజుతో పాతబడింది. బావమరిదినీ, అపార్ట్‌మెంట్ సెక్రటరీనీ, చిట్టీల బృందాన్నీ వెంటబెట్టుకెళ్లండి. వాళ్ల ఊపిరి ఎప్పుడు తప్పుతోందో వేలెత్తి చూపితే నియమాల పిచ్చి కూడా తీరిపోతుంది. ఇక నిలకడలేనితనానికి ఫోను చాలు. శవాసనంలో గుండె మీద పెట్టుకోండి, ఏ మెసేజీ జారిపోదు.

ఒక్క జాగ్రత్త. ఇవన్నీ అయ్యేదాకా పతంజలి జోలికి పోకండి. యోగసూత్రాలు రెండు వందలకు కాస్త తక్కువ. వాటిలో ఆసనానికి ఆయన కేటాయించింది మూడే. కదలకుండా, హాయిగా కూర్చుంటే ఆసనమేనన్నది అందులో మొదటిది. అది మీ ఇంటి చాప మీద పైసా ఖర్చు లేకుండా కుదురుతుంది. డబ్బు కట్టేశారు గనక సోమవారం దాకా ఆ పుస్తకం తెరవకండి.