మూవింగ్ కాయిల్ కొన్నవారికి ఎనిమిది సలహాలు

రికార్డు ప్లేయరుకు కొత్తగా మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జి కొన్న మనిషిని ఇట్టే పోల్చుకోవచ్చు. రికార్డు పెట్టి, వాల్యూం చివరికంటా తిప్పి, స్పీకరుకు చెవి ఆనించి కూర్చుంటాడు. బాలు గొంతు పక్క వీధి పెళ్ళిపందిట్లోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. అతనికి అప్పుడు కావలసింది సలహా. ఆ సలహా చెప్పే అర్హత నాకుంది. ఆరేళ్ళలో మూడు పెట్టెలు కొన్నాను, ఒక జత స్పీకర్లు మార్చాను, బావమరిదితో మాటలు మానేశాను.

విషయం చిన్నదే. మామూలు మూవింగ్ మ్యాగ్నెట్ కార్ట్రిడ్జిలో ముల్లుతోపాటు కదిలేది అయస్కాంతం. తీగచుట్ట ఉన్నచోటే ఉంటుంది కాబట్టి ఎన్ని చుట్లయినా చుట్టుకోవచ్చు, నాలుగైదు మిల్లీవోల్టులు వస్తాయి. మూవింగ్ కాయిల్లో కదలాల్సింది చుట్టే. అది తేలిగ్గా ఉండాలి. అందుకని వెంట్రుకకన్నా సన్నని తీగ, కొద్దిపాటి చుట్లు. వచ్చేది మిల్లీవోల్టులో మూడో వంతు. మామూలు ఫోనో ఇన్‌పుట్టుకు అది ఏ మూలకూ చాలదు, దాన్ని ఇంకో పది రెట్లు పెంచాలి. పెంచే దారులు రెండు: స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ తగిలించడం, లేదా ప్రీయాంపులోనే గెయిన్ (సిగ్నలును పెంచే రెట్లు) ఎక్కువ పెట్టుకోవడం. ఏ దారిన పోవాలో తేల్చుకోలేక అల్లాడేవారి కోసం ఈ ఎనిమిది సలహాలు.

1. డబ్బాలోని కాగితాన్ని వెంటనే పారేయండి

నా కార్ట్రిడ్జి డెనాన్ డీఎల్-103. 1960ల మొదట్లో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కె కోసం తయారుచేసిన సరుకు. దాంతోపాటు ఒక చిన్న కాగితం వస్తుంది. అవుట్‌పుట్ 0.3 మిల్లీవోల్టు, లోపలి నిరోధం 40 ఓమ్స్, ముల్లు మోపాల్సిన బరువు 2.5 గ్రాములు అని అందులో రాసి ఉంటుంది. దీన్ని చదవకండి. ముఖ్యంగా ఆ 40 అంకెను అస్సలు చూడకండి. చూస్తే ఏ ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుందో అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. ఆ తర్వాత ఆరేళ్ళు ఏం చేస్తారు?

2. ముందు పార్టీలో చేరండి, తర్వాత పాట వినండి

ఎన్టీఆరా, ఏఎన్నారా అని ఊళ్ళకు ఊళ్ళు చీలిన నేల మనది. ఇక్కడా అంతే. ట్రాన్స్‌ఫార్మర్ వారు ఒక వైపు, ట్రాన్సిస్టర్ వారు ఒక వైపు. నేను మొదటి పార్టీ. శంఖంలో పోస్తేనే తీర్థం. సిగ్నలు కూడా ఒక జపాన్ రాగితీగ చుట్టలోంచి జారితేనే సంగీతం.

అవతలి పార్టీ వాళ్ళు అడ్డదిడ్డంగా మాట్లాడుతుంటారు. రెండూ చేసే పని ఒకటేనట, ఆ పది రెట్లు, అంటే ఇరవై డెసిబెల్స్, పెంచడమేనట. ట్రాన్స్‌ఫార్మరుకు కరెంటు అక్కర్లేదు, ఉస్సుమనే సొద తక్కువ, కానీ కార్ట్రిడ్జితో జోడీ కుదరాలట. ప్రీయాంపులో గెయిన్ పెట్టుకుంటే లోడ్ (కార్ట్రిడ్జికి ఎదురుగా కనపడే నిరోధం) ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చు, కానీ సర్క్యూట్ మొదటి మెట్టు ప్రశాంతంగా ఉండాలట. బాగా కట్టిన ప్రీయాంపులో మిగిలే సొదకన్నా రికార్డు గాడిలోంచి వచ్చే సొదే ఎక్కువట. ఇలా ఇద్దరికీ సగం సగం న్యాయం చెప్పేవాణ్ణి ఏ పార్టీలోనూ చేర్చుకోరు.

3. నిష్పత్తి ఎంత పెద్దదైతే అంత మంచిది

ఇది నా సలహాల్లో తలమానికం. ట్రాన్స్‌ఫార్మర్ మీద 1:10, 1:20, 1:40 అని రాసుంటుంది. పదికన్నా ఇరవై పెద్దది, ఇరవైకన్నా నలభై పెద్దది. ఇంతకన్నా లెక్క అక్కర్లేదు. నేను 1:40 కొన్నాను.

నా బావమరిది కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరు. పండక్కి వచ్చి పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. “బావా, ఇది మా ట్రాన్స్‌ఫార్మరే కదా! మాది పదకొండు వేల ఓల్టులు దించుతుంది, మీది ఎక్కిస్తుంది. అంతే తేడా” అన్నాడు. జపాన్ కళాఖండాన్ని వీధి చివర స్తంభానికి వేలాడే డబ్బాతో పోల్చాడు. అయినా ఓర్చుకున్నాను.

వాడు ఆగలేదు. చెత్తబుట్టలోంచి ఆ కాగితం తీశాడు. కరెంటు బిల్లు వెనక్కి తిప్పి, జేబులోని పెన్నుతో రాయడం మొదలుపెట్టాడు. “ట్రాన్స్‌ఫార్మర్ ఓల్టేజిని ఎన్ని రెట్లు పెంచితే కరెంటు అన్ని రెట్లు తగ్గుతుంది బావా. ఊరికే ఏదీ రాదు. మీ ఫోనో ఇన్‌పుట్ 47,000 ఓమ్స్. ట్రాన్స్‌ఫార్మర్ ఇవతల నిలబడి చూస్తే అది 47,000 లాగా కనపడదు, నిష్పత్తి వర్గంతో భాగిస్తే వచ్చినంత కనపడుతుంది. నలభై నలభైల పదహారు వందలు. 47,000ని పదహారు వందలతో భాగిస్తే సుమారు 29 ఓమ్స్. మీ కార్ట్రిడ్జి లోపలే 40 ఉంది. పుట్టిన ఓల్టేజిలో సగానికి పైగా లోపలే దిగబడిపోతుంది. ఊళ్ళో అందరూ ఒకేసారి మోటార్లు వేస్తే లైను కుంగిపోదూ? అదీ సంగతి.”

తర్వాత మూడు వరసలు రాశాడు. ట్రాన్స్‌ఫార్మర్ సొంత నష్టాలు పక్కన పెడితే 1:10తో 2.8 మిల్లీవోల్టులు, 1:20తో 4.5, 1:40తో 5.1. “ఇరవై నుంచి నలభైకి పోయి మీరు తెచ్చుకున్నది ఒక్క డెసిబెల్లు” అన్నాడు. పైగా అలాంటి ట్రాన్స్‌ఫార్మర్లో మొదటి చుట్టకు చుట్లు తక్కువ కాబట్టి, ఇంత నిరోధం ఉన్న కార్ట్రిడ్జి తగిలిస్తే అడుగు స్వరాలు పలచబడతాయని కూడా అన్నాడు. మృదంగం ఎడమ చేతి దెబ్బ పలచగా ఉందని నేను మొదటిరోజే గమనించాను. అది మృదంగ విద్వాంసుడి లోపమనుకున్నాను.

“మరి ఇలాంటివి ఎందుకు చేస్తారు?” అని అడిగాను. డెన్మార్క్ వాళ్ళ ఆర్టొఫాన్ ఎస్‌పీయూ లాంటి వాటికట. 1959 నాటి ఆ కార్ట్రిడ్జి లోపలి నిరోధం రెండు ఓమ్స్ స్థాయిలో ఉంటుంది. దానికి 29 ఓమ్స్ లోడ్ ఒక లెక్కే కాదు. అంటే నా పెట్టెలో తప్పు లేదు, నా కార్ట్రిడ్జిలోనూ తప్పు లేదు, జాతకాలు కలవలేదంతే. మరుసటి రోజు నుంచి వాడితో మాటల్లేవు.

4. అనుమానంగా ఉంటే రెండూ పెట్టండి

ప్రీయాంపు వెనకాల ఎంఎం (మూవింగ్ మ్యాగ్నెట్) ఇన్‌పుట్ ఒకటి, ఎంసీ (మూవింగ్ కాయిల్) ఇన్‌పుట్ ఒకటి ఉంటాయి. మనది ఎంసీ కార్ట్రిడ్జి కాబట్టి ట్రాన్స్‌ఫార్మరును ఎంసీలోనే గుచ్చాలి. పప్పులో నెయ్యి వేశాక అన్నంలో వేయకూడదని ఎవరన్నారు? ఎంసీ ఇన్‌పుట్ చాలావాటిలో 100 ఓమ్స్ ఉంటుంది. 1:10 పెట్టె గుండా చూస్తే ఆ వంద కాస్తా ఒక్క ఓమ్ అవుతుంది. 40 ఓమ్స్ కార్ట్రిడ్జికి ఒక ఓమ్ లోడ్ అంటే దాదాపు రెండు వైర్లూ కలిపి ముడేసినట్టే. పాట నూతిలోంచి వినిపిస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు పెట్టినవాళ్ళు ఎంఎంలోనే గుచ్చాలని కంపెనీలన్నీ రాస్తాయి. అయితే అదీ కాగితం మీదే కదా. మొదటి సలహా చూడండి.

5. ట్రాన్స్‌ఫార్మరును యాంప్లిఫయరు నెత్తిన పెట్టండి

చూడటానికి దేవుడి గూట్లో విగ్రహంలా బాగుంటుంది. ఇల్లు ఇరుకైతే ఇన్వర్టర్ మీదైనా పెట్టొచ్చు.

మీ ట్రాన్స్‌ఫార్మరులోని ఇనుప గుండెకు ఒక గుణముంది. చుట్టుపక్కల ఉన్న పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రాన్ని అది పీల్చుకుంటుంది. మన ఇళ్ళలో కరెంటు 50 హెర్ట్జ్. అదే మోత అవుతుంది. రికార్డు కోసేటప్పుడు అడుగు స్వరాలను తగ్గించి కోస్తారు, వాయించేటప్పుడు ఫోనో సర్క్యూట్ వాటిని తిరిగి పెంచుతుంది. 1950ల నుంచీ ఆర్ఐఏఏ పేరుతో నడుస్తున్న పద్ధతి ఇది. దీని ప్రకారం 50 హెర్ట్జ్ దగ్గర పెంపు, 1,000 హెర్ట్జ్ దగ్గర కన్నా ఏడు రెట్లు. అంటే మీ ఇంటి కరెంటుకు వేదిక మీద ముందు వరస కుర్చీ.

ఈ మోతను తిట్టుకోకండి. కచేరీ రికార్డులకు శ్రుతిపెట్టె ఖర్చు కలిసొస్తుంది. రాగం దానికి కలవకపోతే తప్పు గాయకుడిది.

పిరికివాళ్ళు కొందరు పెట్టెను యాంప్లిఫయరుకూ ప్లేయరు మోటారుకూ దూరంగా జరుపుతారు. వాల్యూం పెంచి, దాన్ని మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ మోత తగ్గినచోట ఆపుతారు. నికెల్ ఎక్కువగా ఉండే మ్యూ-మెటల్ అనే లోహపు కవచం వేసినవి కొనుక్కుంటారు. టోన్ఆర్మ్ ఎర్త్ వైరు సరిగ్గా బిగించారో లేదో కూడా చూసుకుంటారు. నాకు ఇదంతా చాదస్తంగా తోచింది. స్పీకర్లు మార్చాను. మోత ఇంకా స్పష్టంగా వినిపించింది.

6. వైరు పొడుగ్గా ఉండాలి, ఖరీదు కనపడాలి

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ప్రీయాంపు దాకా జానెడు వైరు చాలంటారు. జానెడు వైరు చూసి చుట్టాలు ఏమనుకుంటారు? కనీసం మూడు మీటర్లు లాగండి. వైరుకు కెపాసిటెన్స్ అనేదొకటి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ గుండా చూస్తే అది కూడా నిష్పత్తి వర్గం చొప్పున పెరిగి కనపడుతుంది. పొడుగు వైరుతో పై స్వరాల తీరు మారుతుంది. వీణ తీగ మీటిన చోటి పదును పోవచ్చు, లేదా లేని మెరుపు రావచ్చు. రెండింటిలో ఏది వచ్చినా “వైరు మహత్యం” అనండి.

7. మల్టీమీటరుతో ఓమ్స్ చూడండి

కాగితం పారేశాం కాబట్టి ఓమ్స్ తెలుసుకోవాలంటే కోఠీ గుజరాతీ గల్లీలో ఒక మీటరు కొనుక్కుని నేరుగా కార్ట్రిడ్జి కాళ్ళకు తగిలించండి. చిన్న ఓమ్స్ చూసేటప్పుడు చాలా మీటర్లు మిల్లీయాంపు వరకూ కరెంటు పంపుతాయి. మీ కార్ట్రిడ్జి సాధారణ స్థాయిలో పాడేటప్పుడు ఇవ్వగలిగేది ఎనిమిది మైక్రోయాంపుల లోపే. అంటే కూనిరాగం తీసే మనిషి చెవిలో మైకు పెట్టి అరిచినట్టు. వెంట్రుకకన్నా సన్నని తీగ తట్టుకుంటే తట్టుకుంటుంది, లేకపోతే లేదు. అదే మీటరు ట్రాన్స్‌ఫార్మరుకు పెడితే దాని ఇనుము అయస్కాంతమై కూర్చునే ప్రమాదముంది. అలా అయితే దాన్ని వదిలించే విద్య మీద మరో వ్యాసం రాస్తాను.

8. పోల్చేటప్పుడు వాల్యూం సమం చేయకండి

చివరికి విసిగి నేను కూడా అవతలి పార్టీ పెట్టె ఒకటి తెచ్చాను. వెనకాల చిన్న స్విచ్చులు: గెయిన్ 60 డెసిబెల్స్ అయితే వెయ్యి రెట్లు, 70 అయితే మూడు వేల పైన. లోడ్ 100 ఓమ్స్ నుంచి పైకి. స్విచ్చులన్నీ ఒకే వైపు ఉంటే అందంగా ఉంటాయని 70కి నెట్టాను. జుమ్మేరాత్ బజారులో కొన్న ‘శంకరాభరణం’ ఎల్పీ పెట్టాను. సాధారణ స్థాయికి 0.3 మిల్లీవోల్టు ఇచ్చే ముల్లు, గొంతు తారస్థాయి అందుకునే చోట దానికి నాలుగైదు రెట్లు ఇవ్వగలదు. దాన్ని మూడు వేలతో గుణిస్తే నాలుగైదు ఓల్టులు. ఆ చిన్న సర్క్యూట్ అంత మోయలేక పైన కత్తిరించేసింది. బాలు గొంతు జీర పోయింది. సంగీత దర్శకుడు కె.వి.మహదేవన్ ఇలా ఎందుకు రికార్డు చేయించారో అని కాసేపు నొచ్చుకున్నాను.

అయినా ట్రాన్స్‌ఫార్మరుకన్నా ఇదే బాగుందని మా ఇంటికొచ్చిన మిత్రులంతా ఒప్పుకున్నారు. ఎందుకంటే ఇది గట్టిగా వినిపించింది. అంతకుముందు 1:10కన్నా 1:40 బాగుందని వాళ్ళే ఒప్పుకున్నారు. అది కూడా గట్టిగా వినిపించింది కాబట్టి. రెండింటినీ సమానమైన వాల్యూంలో, ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తే మనుషులు తడబడతారు, “నాకు తేడా తెలియడం లేదు” అనేస్తారు. స్నేహాలు పాడవుతాయి. ఎప్పుడూ మీకు నచ్చిన పెట్టెకే వాల్యూం కాస్త ఎక్కువ పెట్టండి.

ఈ సలహాలన్నీ నేను పాటించి చూసినవే. మొన్న సంక్రాంతికి బావమరిది మళ్ళీ వచ్చాడు. మాటల్లేవు కాబట్టి ఏమీ అడగకుండానే 1:40 తీసి, నేను మొదట్లో కొని చిన్నచూపు చూసిన 1:10ని ఎంఎంలో గుచ్చాడు. దాన్ని యాంప్లిఫయరుకు మూరెడు దూరం జరిపి, ఒక పావు వంతు తిప్పి, ఎర్త్ వైరు బిగించి వెళ్ళిపోయాడు. ఆ పెట్టె గుండా చూస్తే 47,000 కాస్తా 470 ఓమ్స్, లోపలి 40కి పది రెట్లకు పైనే. అప్పట్నుంచి మోత లేదు, మృదంగం రెండు చేతులా వినిపిస్తోంది. సలహాలివ్వడానికి నాకు ఇక కొత్త విషయమేమీ దొరకడం లేదు.

అందుచేత అమ్మకానికి ఉన్నవి: 1:40 ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి, డెబ్బై డెసిబెల్స్ ప్రీయాంపు ఒకటి, మూడు మీటర్ల వైరు ఒక జత. కొనదలచినవారు డబ్బు తెచ్చుకోండి. కార్ట్రిడ్జి కాగితం మాత్రం ఇంట్లోనే వదిలి రండి.